రంగు చూసి పిట్ట పేరు చెప్పకండి

చలికాలం వచ్చిందంటే బెజవాడలో ఆదివారం పొద్దున్నే ఊరొదిలి బయటపడేవాళ్ళు ఎక్కువవుతారు. కొందరు కొండపల్లి అడవి వైపు, కొందరు కరకట్ట మీదుగా అమరావతి వైపు, ఇంకొందరు గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి. ఓపికున్నవాళ్ళు కైకలూరు పక్కన ఆటపాక దాకా పోయి కొల్లేరు చూసొస్తారు. మంచిదే. ఇంట్లో పడుకుని ఫోన్ చూసుకోవడం కంటే వెయ్యి రెట్లు నయం. ఇబ్బందల్లా వాళ్ళు తిరిగొచ్చాక మొదలవుతుంది. నాకు పిట్టల పిచ్చి ఉందని తెలిసిన ప్రతి బంధువూ ఒక ఫొటో పంపి, కింద ఒకే ఒక్క ముక్క రాస్తారు: "ఇదేం పిట్ట?"

నేను వెంటనే పేరు చెప్పను. ఎక్కడ కనపడింది, ఏ వేళప్పుడు, అప్పుడు ఏం చేస్తోంది అని అడుగుతాను. మా బావమరిదికి ఇది ఒళ్ళుమంట. ఈమధ్యే పొడుగు లెన్సు కెమెరా కొన్నాడు. "ఈక ఈకా లెక్కపెట్టేంత క్లియర్‌గా తీశాను కద బావా, మళ్ళీ ఈ పోలీసు ఎంక్వయిరీ ఏంటి?" అంటాడు. తెలిసీ బెట్టు చేస్తున్నానని వాడి అనుమానం.

బెట్టేం లేదు. పిట్టను గుర్తుపట్టేటప్పుడు రంగును అన్నిటికంటే చివర చూడాలని నా గట్టి నమ్మకం. మనవాళ్ళు మొదట చూసేదీ, చాలాసార్లు ఆఖరిదాకా చూసేదీ రంగొక్కటే. ఫొటోలో బాగా పడేది కూడా అదే. పిట్ట ఎంత పరిమాణంలో ఉందో ఫొటోలో సరిగా తెలియదు. ఎలా నడిచిందో, ఎలా ఎగిరిందో, ఏం తిన్నదో, ఏమని అరిచిందో, పక్కన ఏ పిట్టలున్నాయో అసలే తెలియదు. క్లియర్ ఫొటో చేతిలో ఉంటే ఇవన్నీ గమనించక్కర్లేదనే ధీమా కూడా వస్తుంది. నా గొడవంతా ఆ ధీమాతోనే.

మన డెల్టాలో మొదట కంటపడేది కొంగ, దాని దగ్గరే మొదలుపెడతాను. కాలవలకి నీళ్ళొదిలాక తెనాలి, దుగ్గిరాల వైపు పొలాల్లో దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాల తెల్లటి గుంపు పరిగెడుతూ ఉంటుంది. అందరికీ అవి కొంగలు, అంతే. కానీ మన పొలాల్లో, చెరువుల్లో తెల్లకొంగలు నాలుగు రకాలు తిరుగుతాయి. ట్రాక్టరు చక్రాల వెంట, గేదెల కాళ్ళ సందున తిరిగేది పశువుల కొంగ. మెడ పొట్టి, నడుస్తుంటే తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దాని చూపు చేపల మీద ఉండదు, మట్టి తిరగబడ్డప్పుడు బయటికొచ్చే పురుగుల మీదా మిడతల మీదా ఉంటుంది. చిన్న తెల్లకొంగ పల్చటి నీళ్ళలో నిలబడి ఒక కాలు ముందుకి చాపి బురద కెలుకుతుంది, బెదిరి కదిలిన చేపపిల్లను పొడుచుకు తింటుంది. పెద్ద తెల్లకొంగ లోతు నీళ్ళలో, చాలాసార్లు ఒంటరిగా, పొడుగు మెడను మధ్యలో మెలిక పెట్టి కదలకుండా నిలబడుతుంది. నాలుగోది ఈ రెంటికీ మధ్యరకం. దాన్ని తేల్చడం కష్టమే, దూరంగా ఉంటే నేను కూడా వదిలేస్తాను.

"ముక్కు రంగు చూస్తే చాలు కదా" అంటారు కాస్త చదువుకున్నవాళ్ళు. అక్కడే ఉంది చిక్కు. పెద్ద తెల్లకొంగ ముక్కు మామూలు రోజుల్లో పసుపు, జతకట్టే కాలంలో నలుపు. మధ్యరకానిదీ అదే వరస. పసుపు ముక్కుది ఒక జాతి, నల్ల ముక్కుది ఒక జాతి అని రాసుకున్నవాడికి ఒకే కొంగ ఏడాదిలో రెండుసార్లు జాతి మారుతుంది! పశువుల కొంగకి వానాకాలంలో తల, మెడ, వీపు నారింజ రంగు తిరుగుతాయి. ఆ నెలల్లో దాన్ని ఫొటో తీసి "కొత్త కొంగ దొరికింది" అని పంపేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. గుడ్డికొంగ సంగతి ఇంకా తమాషా. కాలవగట్టు మీద కూర్చున్నంతసేపూ మట్టిలో కలిసిపోతుంది, దాదాపు తొక్కబోయేదాకా కనపడదు. లేచిందా, రెక్కలు తెల్లగా మెరుస్తాయి. కూర్చున్న ఫొటో, ఎగురుతున్న ఫొటో పక్కపక్కన పెట్టి చూపిస్తే, రెండూ ఒకే పిట్టంటే ఎవరూ నమ్మరు.

రంగులు ఇన్ని వేషాలు వేస్తుంటే, పశువుల కొంగ పశువుల్ని వదలదు, చిన్న తెల్లకొంగ బురద కెలకడం మానదు. ఆషాఢంలోనూ అదే పని, మాఘంలోనూ అదే పని.

పొలం పనిచేసేవాళ్ళని అడిగి చూడండి. కొల్లిపర దగ్గర గట్టు మీద గేదెలు కాస్తున్న ఒక పెద్దాయన్ని, ఫోన్ తీగ మీది నల్లపిట్టను చూపించి "బాబాయ్, దాన్నేమంటారు?" అని అడిగాను. "అదా అబ్బాయ్, పసులపోలిగాడు. గేదె మీదెక్కి ఊరేగుద్ది చూడు, గద్దనైనా తరిమి తరిమి కొట్టుద్ది" అన్నాడు. నలుపన్న మాటే లేదు. తోక చివర చీలి ఉంటుందన్న సంగతి కూడా ఎత్తలేదు. ఆ రెండు వాక్యాలతో దాన్ని ఆంధ్రదేశంలో ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు. నలుపు చూసి పోల్చుకోవాలంటే కాకి ఉంది, నీటికాకి ఉంది, మగ కోయిల ఉంది. ఆడ కోయిలైతే గోధుమ ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. దాన్ని డేగ అని పంపినవాళ్ళని లెక్కపెట్టడం మానేశాను.

గిజిగాడికి కూడా ఏడాది పొడుగునా ఒకే రంగుండదు. గూళ్ళు అల్లే వానాకాలంలో మగది పసుపుపచ్చటి తలతో మెరిసిపోతుంది. ఆ కాలం పోయాక దాని ఒళ్ళూ ఆడదాని ఒళ్ళూ ఊరపిచ్చుక లాగే కనపడతాయి. చలికాలంలో జొన్నచేలో పిచ్చుకల్లాంటివి గుంపుగా లేస్తే, పక్కనున్న తాడిచెట్ల వైపు చూడాలి. పాత గూళ్ళు వేలాడుతుంటే అనుమానం గిజిగాడి మీదికి పోవాలి. అదే చేలల్లో వరి కోసిన తర్వాత గులాబి గోరింకలు దిగుతాయి. మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే వలస పిట్టలవి. పెద్దవాటికి నల్లటి తల, గులాబి ఒళ్ళు. కానీ గుంపులో ఆ ఏడాది పిల్లలు కూడా ఉంటాయి, వాటి ఒంటి మీద గులాబి ఛాయ కూడా ఉండదు, వట్టి మట్టిరంగు. బొమ్మలో గులాబి రంగు చూసి వెతికేవాళ్ళు వీటిని దాటుకుని పోతారు. జొన్న వేసిన రైతు ఆ పొరపాటు చెయ్యడు. వందల పిట్టలు ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా కంకుల మీద వాలితే వాటి రంగేంటో అతనికి అనవసరం, డబ్బా వాయించుకుంటూ పరిగెడతాడు.

తాడిచెట్టు మాటెత్తాను కాబట్టి ఇంకొకటి. సాయంత్రం పూట తాడితోపు పైన సన్నటి రెక్కలతో గిర్రున తిరిగే చిన్న పిట్టలుంటాయి. వానకోవెలలూ (స్వాలోలు) అలాగే గాల్లో పురుగులు పట్టుకు తింటాయి కాబట్టి రెంటినీ ఒకటే అనుకుంటారు. ఫొటోలో రెండూ ఆకాశం మీద నల్లటి కొడవలి ముక్కల్లా పడతాయి, రంగనేదే కనపడదు. తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: కరెంటు తీగ మీద వాలిందా? వాలితే వానకోవెల. తాడిచెట్ల పిట్టకి, అంటే పామ్ స్విఫ్ట్‌కి, తీగ మీద కూర్చునే కాళ్ళే లేవు. దాని చిన్న కాళ్ళు వేలాడ్డానికే పనికొస్తాయి. తాటాకు కిందిభాగాన ఈకల్ని ఉమ్మితో అతికించి గూడు పెడుతుంది. గుంటూరు జిల్లాలో తాళ్ళకి కొదవలేదు గనక దానికీ కొదవలేదు. తాళ్ళు నరికేసిన ఊళ్ళో మాత్రం దాన్ని చూశానని ఎవరైనా అంటే నేను కొంచెం తటపటాయిస్తాను.

బెజవాడలో ఉండి ఇంత దూరం పోలేనివాళ్ళకి 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ ఉండనే ఉంది. గేట్లకి దిగువన, రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచిన చోట పైనుంచి ఒక నలుపు తెలుపు పిట్ట గాల్లో ఒకేచోట రెక్కలు టపటపా కొడుతూ నిలబడి, ఉన్నట్టుండి తలకిందులుగా నీళ్ళలో పడుతుంది. లకుముకి పిట్టల్లో ఇది మచ్చలది, పైడ్ కింగ్‌ఫిషర్. మనవైపు లకుముకి పిట్టల్లో ఇలా గాల్లో నిలబడి వేటాడడం దీనికే బాగా అలవాటు. ఎండకి ఎదురుగా చూస్తూ రంగు ఒక్కటీ తెలియకపోయినా పేరు చెప్పెయ్యొచ్చు. తెల్ల గొంతు లకుముకి పిట్ట నీటికి దూరంగా, మామిడితోటలో తీగ మీద కూర్చుని తొండల్నీ మిడతల్నీ తినడం కూడా మామూలే. "నీళ్ళు లేనిచోట కింగ్‌ఫిషర్ ఎలా ఉంటుంది బావా?" అని మా వాడు దాన్ని పాలపిట్ట అన్నాడు ఒకసారి. పాలపిట్ట కూర్చున్నప్పుడు చప్పగా, మట్టిరంగులో ఉంటుంది. రెక్క విప్పితేనే ఆ నీలం. (2018లో మన రాష్ట్ర పక్షి హోదా రామచిలుకకి పోయింది, పాలపిట్ట తెలంగాణ దగ్గరే మిగిలింది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు, కానీ వేరే గొడవ.)

బ్యారేజీ మీద తిరిగే గద్దల్లోనూ ఇంతే. గరుడ పక్షి అంటే తెల్ల తల, ఇటుకరంగు ఒళ్ళు అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. దాని పిల్ల మాత్రం మామూలు గద్ద లాగే గోధుమ రంగులో ఉంటుంది. తోక చూడాలి. గద్ద తోక చివర లోపలికి చీలినట్టుంటుంది, మలుపు తిరిగేటప్పుడు ఆ తోకను అటూ ఇటూ తిప్పుతుంది. గరుడ పక్షి తోక చివర గుండ్రం.

ఏ వేళలో వెతకాలో తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి మా జిల్లాల్లో ఉదాహరణ లేదు, కడపకి పోవాలి. కలివికోడి అనే పిట్టను జెర్డాన్ అనే ఆంగ్లేయ సర్జన్ కనుగొన్నాడు, 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదట వర్ణించాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు, ఇక లేదనే అనుకున్నారు. దాని రంగుల గురించి ఎవరికీ సందేహం లేదు. మ్యూజియాల్లో నమూనాలున్నాయి, పుస్తకాల్లో బొమ్మలున్నాయి, ఛాతీ మీద రెండు పట్టీలుంటాయని అందరికీ తెలుసు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతున్నప్పుడు, ఐతన్న అనే స్థానిక వేటగాడి సాయంతో అది మళ్ళీ దొరికింది, రాత్రిపూట. అది రాత్రి తిరిగే పిట్ట. అంతకుముందు వెతికినవాళ్ళు పగలు వెతికారు. అది ఎప్పుడు లేస్తుందో, ఏ పొదల్లో తిరుగుతుందో బొమ్మలో ఎలా తెలుస్తుంది? ఐతన్న లాంటివాడికి తెలుస్తుంది. తర్వాతి ఏళ్ళలో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం పరిసరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, వాటి మీద పడ్డ అడుగుజాడల్ని బట్టి ఆ పిట్ట తిరుగుతోందో లేదో తేల్చారు. వాటితో పాటు వాటంతటవే ఫొటో తీసే కెమెరాలూ పెట్టారు. ఈ మాట మా బావమరిది సంతోషం కోసం చేరుస్తున్నాను.

"ఇప్పుడు ఆప్ ఉందిగా, మీ పాత పద్ధతి ఎందుకు?" అని కుర్రాళ్ళు అడుగుతారు. నాకు ఆప్ మీద కోపం లేదు, నా ఫోన్‌లోనూ ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధన సంస్థ తయారుచేసిన మెర్లిన్‌నే తీసుకోండి. ఫొటో లేకుండా పిట్టను వెతికిపెట్టమంటే అది వరసగా అడిగేవి: ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఎంత ఉంది, ఏ రంగులు, ఏం చేస్తోంది. రంగు వంతు నాలుగోది! ఫొటో ఇచ్చినా సరే చోటూ తేదీ అడుగుతుంది, ఎందుకంటే ఆ చోట ఆ నెలలో ఉండే పిట్టల జాబితా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. బంధువులు పోలీసు ఎంక్వయిరీ అంటున్నది ఇదే. యంత్రం అడిగితే బుద్ధిగా నింపుతారు, నేనడిగితే బెట్టు.

అదే ఆప్ అరుపు విని కూడా పేరు చెబుతుంది. తోటల్లో, దట్టమైన చెట్ల కింద ఇది నిజంగా ఉపయోగం, ఎందుకంటే అక్కడ కనపడే పిట్టల కంటే వినపడేవి ఎక్కువ. అయితే పసులపోలిగాడు జాలె డేగ అరుపును అచ్చం దించుతాడు. ఫోన్‌లో డేగ పేరు వచ్చిందని డేగను లెక్కలో రాసేసుకుంటే, ఆ డేగ పేరు మీద ఒక పోలిగాడు లెక్కలో కూర్చుంటాడు. అరిచినదాన్ని కంటితో చూసేదాకా ఆగాలి.

ఫొటో పూర్తిగా దండగని నేను అనను. ఎత్తున తిరిగే డేగల రెక్కల కింది చారలు, బురదలో పరిగెత్తే చిన్న ఉల్లంకుల ముక్కు వంపు, ఇవి కంటికి ఆనక ఫొటోలో పెద్దవి చేసి చూస్తేనే తేలతాయి. మనవైపు ఎప్పుడూ రాని పిట్ట వచ్చిందంటే ఆధారం కావాలి, అప్పుడు మసక ఫొటో అయినా బంగారమే. చూసిన పిట్టల్ని రాసుకునే ఈబర్డ్ అనే సైట్‌లో అరుదైన పిట్టను నమోదు చేస్తే వివరాలు రాయమంటారు కూడా. నేనడిగేది వరస మార్చమని. ముందు చూడండి, తర్వాత తియ్యండి. మొదటి నిమిషం కళ్ళకి ఇవ్వండి, లేదా ఒక మామూలు 8 ఇంటూ 42 బైనాక్యులర్‌కి ఇవ్వండి. ఎనిమిది రెట్లు చాలా తక్కువని షాపుల్లో పదీ ఇరవై రెట్లవి అంటగడతారు. రెట్లు పెరిగేకొద్దీ చెయ్యి వణుకూ పెరుగుతుంది, కనపడే మేరా తగ్గిపోతుంది, పిట్ట కొమ్మ మారేసరికి మీరింకా పాత కొమ్మ దగ్గరే ఉంటారు.

కొల్లేరులో నీటిలోతే సగం పేర్లు చెబుతుంది. 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, దాని చరిత్ర పెద్దది. పిట్టలకి మాత్రం నీళ్ళు ఎంత లోతన్నదే లెక్క. తడి బురదలో పొట్టికాళ్ళ ఉల్లంకులు, మోకాలి లోతులో పొడుగుకాళ్ళవి, ఇంకా లోపల ఈదే బాతులు, గూడబాతులు. ఒడ్డు నుంచి ఎంత దూరంలో, ఎంత లోతులో ఉందో చెబితే ఫొటో చూడకముందే నా జాబితా నాలుగైదు పేర్లకి దిగిపోతుంది.

ఉప్పలపాడు కథ వేరు. ఊరి చెరువులో నీళ్ళ మధ్య పెరిగిన సర్కారు తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు ఒకదానిపక్క ఒకటి గూళ్ళు పెట్టుకుంటాయి. మొదటిసారి పక్షుల్ని చూడబోయేవాళ్ళని నేను అక్కడికే పంపుతాను, దగ్గరగా, తాపీగా చూడొచ్చని. కానీ రంగుల బొమ్మ పట్టుకుని వెళ్తే అక్కడే ఎక్కువ తికమకపడతారు, ఎందుకంటే గూళ్ళ కాలంలో చెట్లనిండా పిల్లలే. ఎర్రకాళ్ళ కొంగ తోక దగ్గర కనపడే గులాబి కుచ్చు దాని పిల్లకి ఉండదు, మాసిన బూడిదరంగు ఒళ్ళు. నత్తగుల్ల కొంగ పేరు చెప్పగానే రెండు దవడల మధ్య సందున్న ముక్కు గుర్తొస్తుంది. పిల్లకి ఆ సందు కూడా ఉండదు, ఎదిగాక వస్తుంది. పెద్దది ఏ గూటికి వచ్చి మేత కక్కుతోందో కాసేపు కూర్చుని చూస్తే పిల్ల ఎవరిదో దానంతటదే తెలిసిపోతుంది. గూడబాతుల్లో కూడా ఇదే దారి. చెట్టు మీద గూడు కట్టిందంటే అది మన మచ్చల ముక్కు గూడబాతు. పెద్ద తెల్ల గూడబాతు నేల మీదే గూడు పెడుతుంది. ముక్కు మీది మచ్చలు లెక్కపెట్టే పని లేదు.

ఇంకో సంగతి, ఫొటో కోసమే వెళ్ళినవాడికి కూర్చున్న పిట్ట నచ్చదు, ఎగరాలి. చప్పట్లు కొడతాడు, రాయి విసురుతాడు. ఎండలో గూటి మీంచి తల్లి లేచిందంటే ఈకలు రాని పిల్లలకి నీడ పోతుంది, కాకులకీ గద్దలకీ దారి దొరుకుతుంది. రెక్క రంగు తెలుసుకోవడానికి చేసే ఈ పని చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది.

ఊరి బయట వెంచర్లలో ప్లాట్లు వేసి, కంకర పరిచి, కొనేవాళ్ళు లేక వదిలేసిన చోట్లలో ఇది ఇంకా ఎక్కువ. అలాంటి నేల తీతువులకి సొంత ఇల్లు. వేసవిలోనూ తొలకరిలోనూ గులకరాళ్ళ మధ్య ఉత్త నేల మీద గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు రాళ్ళలాగే ఉంటాయి. మనిషి దగ్గరికొస్తే నెత్తి మీద తిరుగుతూ గోల చేస్తాయి. తీతువు అరిస్తే చావు కబురని పెద్దవాళ్ళు బెదిరిపోతారు, కెమెరా ఉన్నవాళ్ళు మంచి పోజు దొరికిందని ఇంకో పది అడుగులు ముందుకేస్తారు. ఆ అరుపుకి అర్థం గూడు దగ్గర్లోనే ఉందని. అక్కడే ఆగి, వచ్చిన అడుగుల మీదే వెనక్కి రావాలి. ఏ తీతువో తెలుసుకోవడానికి దగ్గరికెళ్ళక్కర్లేదు. కాలవో చెరువో పక్కనుండి, ఎవరినో గద్దించి అడిగినట్టు ముక్కలు ముక్కలుగా అరిస్తే ముఖం దగ్గర ఎర్ర చర్మం ఉండే తీతువు. నీళ్ళకి దూరంగా ఎండిన బీట్లో సన్నగా, ఒక్కో కేక విడివిడిగా వేస్తే పసుపు చర్మం ఉండేది.